గజ్జల్లో హెర్నియా: మూడేళ్ల బాబుకి ఆపరేషన్ చెప్పారు, ఆగవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాబుకి మూడేళ్లు నిండబోతున్నాయి. ఏడ్చినా, ముక్కినా కుడి గజ్జలో ఉబ్బు కనిపిస్తోంది, పడుకోబెడితే పోతోంది. పిల్లల సర్జన్ చూసి హెర్నియా అని, ఆపరేషన్ చేయించమని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లేమో ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుందనీ, పసివాడికి మత్తిస్తే బుద్ధి మందగిస్తుందనీ అంటున్నారు. ఆగవచ్చా, మత్తు గురించిన భయం నిజమేనా, ఆ రోజు ఎలా గడుస్తుంది, ఎడమవైపు కూడా వస్తుందా అని అడిగారు.

నేను మత్తు డాక్టర్ని. నా పనిలో ఎక్కువ భాగం పిల్లల ఆపరేషన్లే. మా అబ్బాయికీ దాదాపు మీ వాడి వయసులోనే ఇదే ఆపరేషన్ జరిగింది. ఆ రోజు నేను తలుపు ఇవతల కూర్చున్న తల్లిని. ఆపరేషన్ సర్జన్ చూసుకుంటారు. మీ చేతిలో ఉండేది దానికి ముందు కొన్ని గంటలు, తర్వాత కొన్ని గంటలు. నేను రాసేదంతా ఎక్కువగా వాటి గురించే.

ముందు ఆగే సంగతి. మీ పెద్దవాళ్లు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదు, వేరే జబ్బుకి సరిపోయే మాట. పసిపిల్లల్లో బొడ్డు ఉబ్బడం మామూలు. అది చాలామందిలో నాలుగైదేళ్లు వచ్చేసరికి దానంతటదే మూసుకుపోతుంది. (దాని మీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, చర్మం ఒరుసుకుపోవడం తప్ప.) వృషణం చుట్టూ నీరు చేరడం కూడా సాధారణంగా ఏడాది, రెండేళ్లలో తగ్గిపోతుంది. ఈ రెండూ తగ్గడం చూసినవాళ్లు గజ్జల్లో ఉబ్బూ అలాగే పోతుందనుకుంటారు. అది పోదు. కడుపులో ఉన్నప్పుడు మగబిడ్డ వృషణం పొత్తికడుపు నుంచి కిందికి దిగుతుంది. దానితో పాటు ఒక సన్నని పొర సంచిలా కిందికి వస్తుంది. పుట్టే వేళకి, లేదా ఆ తర్వాత కొద్ది నెలలకి, దాని నోరు మూసుకుపోవాలి. మూసుకుపోక పేగు అందులోకి జారితే అది హెర్నియా. ఒకసారి పేగు దిగడం మొదలయ్యాక ఆ దారి తిరిగి మూసుకుంటుందని ఎదురుచూడడంలో అర్థం లేదు. వృషణాలు కుడివైపు కాస్త ఆలస్యంగా దిగుతాయి కాబట్టి కుడివైపు హెర్నియాలే ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో మరీ ఎక్కువ. మీరేదో బరువు మోయనివ్వడం వల్లో, ఎక్కువ ఏడవనివ్వడం వల్లో వచ్చింది కాదు.

ఎందుకు త్వరగా చేయించాలంటే, పేగు ఇరుక్కుపోతుందనే భయం వల్ల. ఏడాదిలోపు పిల్లల్లో ఆ ప్రమాదం ఎక్కువ, మీ వాడి వయసుకి కొంత తగ్గుతుంది, కానీ ఉంటుంది. ఉబ్బు గట్టిపడి, ముట్టుకుంటే బాబు కెవ్వుమని, పడుకోబెట్టినా లోపలికి పోకుండా, దాంతో పాటు వాంతులు అవుతుంటే అది ఆ క్షణాన ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. అర్ధరాత్రయినా సరే, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. దారిలో ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు. నొక్కి లోపలికి తోసే ప్రయత్నం మీరు చేయవద్దు.

ఇప్పుడున్న స్థితిలో మాత్రం ఇది రేపే చేయించాల్సిన ఆపరేషన్ కాదు, వచ్చే వేసవి సెలవులకి వాయిదా వేయాల్సిందీ కాదు. రెండు మూడు వారాల్లో కుదిరే తేదీ చూసుకోండి. మంచిరోజు చూసుకుంటామంటే నాకేమీ అభ్యంతరం లేదు, నా దగ్గరికి వచ్చే సగం మంది చూసుకునే వస్తారు. మూఢం వచ్చిందని నెలల తరబడి ఆగడమే వద్దు. ఈ లోపు ఉబ్బు కనిపించినప్పుడు ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టర్ ముందు బట్టలు విప్పిన పూట అది కనిపించకపోవడం ఈ జబ్బు లక్షణం. ఎటువైపో, ఎంతుందో ఫోటో చెబుతుంది.

ఇక మత్తు. బుద్ధి మందగిస్తుందనే భయం మన ఇళ్లలోనే కాదు, వైద్యుల్లోనూ చాలాకాలం ఉంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అనుమానాలు వచ్చాయి. అందుకే దీన్ని పిల్లల్లోనే నేరుగా పరీక్షించారు. అదృష్టవశాత్తూ దానికి ఎంచుకున్నది సరిగ్గా ఈ హెర్నియా ఆపరేషనే. ఏడు దేశాల ఆసుపత్రుల్లో 722 మంది పసికందులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి పూర్తి మత్తు, రెండో గుంపుకి నడుము కింది భాగం మాత్రమే తిమ్మిరెక్కే సూది ఇచ్చారు. ఐదేళ్లు వచ్చాక తెలివితేటలు కొలిచి చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. ఆ ఫలితాలు 2019లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. వాళ్లు మీ బాబుకంటే ఎంతో చిన్నవాళ్లు, వాళ్లకిచ్చిన మత్తు సుమారు గంట. మీ వాడు మత్తులో ఉండేదీ దాదాపు అంతే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఒక హెచ్చరిక జారీ చేసిన మాట నిజం. దాన్ని పట్టుకునే వాట్సాప్ సందేశాలు తిరుగుతుంటాయి. ఆ హెచ్చరిక మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటే ఆపరేషన్ల గురించి, మళ్లీమళ్లీ మత్తివ్వడం గురించి. ఒకసారి, తక్కువసేపు ఇచ్చే మత్తు గురించి కాదు.

మత్తు డాక్టర్‌గా నాకు నిజంగా ఆలోచన పెట్టేవి వేరే ఉన్నాయి. మొదటిది జలుబు. ముక్కు నుంచి పచ్చగా కారుతూ, కఫంతో దగ్గుతూ, జ్వరంతో ఉన్న పిల్లవాడికి మత్తిస్తే గొంతు బిగుసుకుపోవడం, ఆక్సిజన్ పడిపోవడం వంటి చిక్కులు వస్తాయి. జలుబు తగ్గినట్టు కనిపించినా ఊపిరి గొట్టాలు మరికొన్ని వారాలు చికాకుగానే ఉంటాయి. తేదీకి ముందు దగ్గు మొదలైతే దాచకండి. సెలవు పెట్టేశాం, ఊరినుంచి అమ్మమ్మ వచ్చేసింది, వాయిదా పడితే ఎలా అని దగ్గు మందు పోసి తీసుకొచ్చేవాళ్లు ఉంటారు. స్టెతస్కోపు పెడితే తెలిసిపోతుంది, ఆ పూటంతా వృథా. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే అదీ చెప్పండి. బాబు రాత్రి గురక పెడతాడా, ఉబ్బసం ఉందా, మీ రెండు కుటుంబాల్లో మత్తిచ్చినప్పుడు ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా అన్నవి మీరే ముందుగా చెప్పండి. మత్తు ఎవరిస్తారు, వారికి ఈ వయసు పిల్లలతో అలవాటు ఉందా అని నిస్సంకోచంగా అడగండి. సర్జన్ పేరు అడగని తల్లిదండ్రులు ఉండరు, మత్తు డాక్టర్ పేరు అడిగేవాళ్లు అరుదు. అడిగితే మాకు కోపం రాదు.

రెండోది ఖాళీ కడుపు. తిన్నది కడుపులో ఉంటే మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఘనాహారానికి, ఆవు లేదా గేదె పాలకు, డబ్బా పాలకు 6 గంటలు. తల్లిపాలకు 4 గంటలు. మంచినీళ్లు, పంచదార నీళ్లు, గుజ్జు లేని వడకట్టిన రసం వంటివి 2 గంటల ముందు వరకూ ఇవ్వవచ్చు. 2022 ఐరోపా మార్గదర్శకాల్లో నీళ్లకి దాన్ని ఒక గంటకి తగ్గించారు కూడా. మన దగ్గర ఎక్కువగా 2 గంటల నియమమే నడుస్తోంది. పాలు పలచగా ఉంటాయి కదా అని నీళ్ల లెక్కలో వేయకండి, కడుపులోకి పోగానే విరిగి గడ్డలవుతాయి. పాలు కలిపిన టీ కూడా అంతే.

ఇక్కడ రెండు రకాల ఇబ్బందులు చూస్తుంటాను. ఒకటి ఆసుపత్రి వైపు నుంచి: "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు" అని అందరికీ ఒకే మాట చెప్పేస్తారు. పసివాడి వంతు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాదు. పన్నెండు గంటలు నీళ్లు కూడా లేని పిల్లవాడికి నరం దొరకదు, గుక్కపట్టి ఏడుస్తాడు, ఓదార్చడం ఎవరితరమూ కాదు. కాబట్టి ముందురోజే అడగండి: బాబు ఎన్నో కేసు, ఎన్ని గంటలకు, నీళ్లు ఎప్పటివరకు ఇవ్వవచ్చు? చిన్నపిల్లలను ఉదయం మొదటి కేసుగా తీసుకోమని కోరితే చాలామంది ఒప్పుకుంటారు. రెండోది ఇంటి వైపు నుంచి. వరండాలో పిల్లవాడు ఆకలని ఏడుస్తుంటే చూడలేక, ఒక్కటే కదా అని నాయనమ్మ కొంగుచాటున బిస్కెట్ ముక్క నోట్లో పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది. "ఏమైనా తిన్నాడా?" అని నేనడిగితే మొహాలు చూసుకుంటారు. తిని ఉంటే తిన్నాడని చెప్పండి. ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కి జరుగుతుంది, అంతే. ఆ ఉదయం బాబు ముందు ఎవరూ టిఫిన్ తినకుండా చూసుకోండి, సంచుల్లో తినుబండారాలు ఉంచకండి.

బయలుదేరే ముందు ఇంట్లోనే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. బాబుకి మొలతాడు ఉంటుంది కదా. కోత పెట్టేది దానికి కాస్త కిందనే, పైగా దానికి వెండి బిళ్లో, తాయెత్తో ఉంటే రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. థియేటర్ ముందు నర్సు కత్తెర తీసుకుని కత్తిరించబోతే పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. ఆ పని ఇంట్లోనే, ఆవిడ చేతనే చేయించండి. ఇంటికొచ్చాక, కుట్లు మానాక మళ్లీ కట్టుకోవచ్చు. నల్లపూసలు, మురుగులు కూడా తీసేయండి. చేతికి గోరింటాకు ఉంటే చెప్పండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవకపోతే చెవికో, మరో చోటో పెట్టుకుంటాం.

పిల్లవాడికి ఏం చెప్పాలి? ఈ వయసుకి వారం ముందు నుంచి చెప్పనక్కరలేదు, ముందురోజు చాలు. "నీకు ఇక్కడ ఉబ్బు వస్తోంది కదా, డాక్టర్ బాగుచేస్తారు. నువ్వు అప్పుడు నిద్రపోతావు. లేచేసరికి అమ్మ ఉంటుంది." ఇంతకు మించి అక్కరలేదు. కానీ ఇందులో అబద్ధం ఉండకూడదు. పార్కుకి వెళ్తున్నామని చెప్పి ఆసుపత్రికి తెస్తే వాడు తర్వాత పార్కుని కూడా నమ్మడు. అన్నిటికంటే ముఖ్యంగా, అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరించే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే మానేయండి. నేను ఎంత నవ్వుతూ వచ్చినా, వాడి దృష్టిలో నేను అన్నం తినని పాపానికి వచ్చిన శిక్షనే.

మాస్కు అలవాటు చేయవచ్చు. ఇంట్లో నెబ్యులైజర్ మాస్కు ఉంటే బొమ్మకి పెట్టించండి, వాడికి పెట్టండి, మీరూ పెట్టుకోండి. "ఇందులోకి ఊది బెలూన్ పెద్దది చేద్దాం" అంటే చాలామంది ఊదుతారు, మా మత్తు యంత్రానికి నిజంగానే బెలూన్ లాంటి సంచి ఉంటుంది. మరీ బెదిరిపోయే పిల్లలకు ముందుగా నోట్లోనో, ముక్కులోనో కొంచెం మందు వేసి మగతగా చేస్తాం. మీ వాడు అలాంటివాడైతే ముందే చెప్పండి. మత్తిచ్చేటప్పుడు తల్లిని లోపలికి రానిచ్చేదీ లేనిదీ ఆసుపత్రిని బట్టి ఉంటుంది. రానిస్తే ఒక సంగతి తెలిసి ఉండాలి: కళ్లు మూతపడే ముందు పిల్లలు ఒక్కసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, కనుగుడ్లు పైకి తిరుగుతాయి, గురక లాంటి శబ్దం వస్తుంది. చూసేవాళ్లకి గుండె జారిపోతుంది. అది మత్తు ఎక్కే క్రమంలో మామూలుగా జరిగేదే, వాడికి గుర్తు కూడా ఉండదు. మా వాడి విషయంలో నేను లోపలికి వెళ్లలేదు. నేను పక్కన ఉంటే మత్తిచ్చే ఆవిడ వాడిని కాక నన్ను గమనిస్తూ ఉంటుందని నాకు తెలుసు. బయట కూర్చుంటే తేలికగా ఉందని మాత్రం అనను. లోపల ఇప్పుడు ఏం జరుగుతూ ఉంటుందో నిమిషం నిమిషం తెలిసి ఉండడం వల్ల ధైర్యం వస్తుందనుకున్నాను, రాలేదు. మా ఆయనకి ఏమీ తెలియదు, హాయిగా పేపరు చదువుకున్నారు.

సంతకం పెట్టే కాగితంలో కుడా, ఎడమా అన్నది చదవండి. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు ఆపరేషన్ చేసే వైపు చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మీ కళ్లతో చూడండి. లేకపోతే పెట్టమని అడగండి.

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. గజ్జ మడతలో రెండు సెంటీమీటర్ల కోత, ఆ సంచిని వేరుచేసి దాని మొదలు దగ్గర ముడివేసి కత్తిరించడం. పెద్దవాళ్లకి పెట్టే జాలీ (వల లాంటి మెష్) పిల్లలకి పెట్టరు. అరగంట, ముప్పావుగంట పని. కుట్లు కరిగిపోయేవే, తీయాల్సిన పనిలేదు. కొందరు లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేస్తారు. సర్జన్‌కి ఏది చేయి తిరిగిన పని అయితే అది చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. మత్తెక్కాక మేము వెన్ను చివర, పిరుదుల పైభాగాన ఒక సూది ఇస్తాం. దాంతో లేచాక నాలుగు నుంచి ఆరు గంటలు నొప్పి తెలియదు. ఆ కాసేపు కాళ్లు బలహీనంగా ఉండవచ్చు, నిలబెట్టి చూడకండి.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పనిది. మత్తు నుంచి లేచేటప్పుడు ఈ వయసు పిల్లల్లో చాలామంది విపరీతంగా గోల చేస్తారు. కళ్లు తెరిచే ఉంటాయి, అమ్మని గుర్తుపట్టరు, వెనక్కి విరుచుకుంటారు, సెలైన్ సూది పీకేయబోతారు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లలో ఇది ఎక్కువ. మా వాడు నన్ను కాలితో తన్ని, "మా అమ్మ కావాలి" అని నా మొహంలోకి చూస్తూనే ఏడ్చాడు. నొప్పి వల్ల కాదు, మెదడు సగమే మేలుకోవడం వల్ల. పావుగంట, అరగంటలో సర్దుకుంటుంది. అప్పటిదాకా మంచం కడ్డీలకు కొట్టుకోకుండా, సూది ఊడకుండా ఒడిలో గట్టిగా పట్టుకుని, దీపాలు తగ్గించమని అడిగి, ఒకే మాట మెల్లగా చెబుతూ ఉండండి. నలుగురూ చుట్టూ చేరి తలా ఒక మాట అంటే ఇంకా రెచ్చిపోతాడు. సెల్‌ఫోన్ చూపించడం ఆ నిమిషాల్లో పనిచేయదు. కాసేపు పడుకుని మళ్లీ లేచినప్పుడు మీ బాబు మీకు దొరుకుతాడు. గోల మరీ ఎక్కువైతే, తగ్గకపోతే నర్సుని పిలవండి, మందు ఉంది.

అంతా సవ్యంగా ఉంటే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. వెన్ను సూది ప్రభావం పోయేదాకా ఆగకుండా పారాసిటమాల్ ముందే మొదలుపెట్టాలి. కిలో బరువుకి 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. బజార్లో ఈ సిరప్ రెండు మూడు బలాల్లో దొరుకుతుంది, పొరపాట్లు జరిగేది అక్కడే. 14 కిలోల బాబుకి 210 మి.గ్రా. కావాలనుకోండి. 5 మి.లీ.లో 250 ఉన్న సీసా అయితే 4 మి.లీ. పైచిలుకు, 125 ఉన్నదైతే 8 మి.లీ. పైచిలుకు. చీటీలో ఎన్ని మి.లీ. అని మాత్రమే రాసి ఉంటే, ఏ సీసాకి అని అడిగి దాని మీదే రాయించుకోండి.

తిండికి పథ్యం లేదు. పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు పెడితే దురద వస్తుంది అంటారు. పెట్టండి, ఏమీ కాదు. మలబద్ధకం రాకుండా చూసుకోవడమే అసలు పథ్యం, ముక్కితే కుట్ల దగ్గర నొప్పి. వృషణాల తిత్తి కొన్నాళ్లు వాచి, కాస్త కమిలినట్టు కనిపిస్తుంది. మళ్లీ హెర్నియా వచ్చిందని హడలిపోతారు. అది ఆపరేషన్ వాపు, తగ్గుతుంది. స్నానం ఎప్పుడన్నది పైన వేసిన పట్టీని బట్టి సర్జన్ చెబుతారు. పరిగెత్తకుండా ఆపమని చెబుతారు, మీ వల్ల కాదు. మూడో రోజుకి వాడు సోఫా ఎక్కి దూకుతాడు. కూర్చుని తొక్కే సైకిలు, కాళ్లు చాపి కూర్చునే జారుడుబల్ల వంటివి మాత్రం రెండు వారాలు దాచిపెట్టండి. జ్వరం, కోత చుట్టూ ఎర్రబడటం, చీము, ఆగని వాంతులు, గంటలు గడిచినా మూత్రం పోయకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ చేయండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. ఆరోగ్య బీమా ఉంటే పాలసీలో హెర్నియాకి రెండేళ్ల నిరీక్షణ కాలం ఉందేమో చూడండి, చాలా పాలసీల్లో ఉంటుంది. ఆపరేషన్ తేదీకి ముందే అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే కలవాలి. హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి, ఇది వాళ్లు రోజూ చేసే పని. రద్దీ మాత్రం ఉంటుంది.

ఎడమవైపు కూడా వస్తుందా అని చివర్లో అడిగారు. పదిమందిలో ఒకరికి కూడా రాదు. అందుకని ఉబ్బు లేని వైపు ముందుజాగ్రత్తగా తెరిచి చూడడం ఇప్పుడు చాలామంది సర్జన్లు చేయడం లేదు. లాప్రోస్కోపీలో అయితే కెమెరా లోపలికి వెళ్తుంది కాబట్టి రెండోవైపూ కనిపిస్తుంది, దారి తెరుచుకుని ఉంటే అదే మత్తులో మూసేయవచ్చు. దానికి మీ అనుమతి ముందే తీసుకుంటారు. అప్పటికప్పుడు థియేటర్ తలుపు దగ్గర అడిగితే ఏం చెప్పాలో తోచదు, కాబట్టి తేదీ ఖాయం చేసుకునే రోజే సర్జన్‌తో ఈ సంగతి మాట్లాడి ఉంచండి.